మా రోజుల్లో పెట్టె ఇంటిదే, లెక్కా ఇంటిదే

ఒరే అబ్బాయ్, ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టి ఇటు చూడు. అమ్మాయ్, నువ్వూ రా, నీకూ చెప్పాల్సిందే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్టు వాళ్ల మద్దతు ముగిసిన దగ్గర్నుంచీ ఊళ్లో ఎవరింటికి వెళ్లినా ఒకటే మాట. "కంప్యూటరు పాతబడిపోయిందండీ, పదకొండుకి సరిపడదంట, టీపీఎం 2.0 అని ఏదో లేదంట, పాతసామాన్ల వాడికి వేసేద్దామనుకుంటున్నాం" అంటారు. హార్డ్ డిస్కు బాగానే తిరుగుతోంది, తెర బాగానే వెలుగుతోంది, కీబోర్డు మీద అక్షరాలు కూడా అరగలేదు. దానికొచ్చిన రోగమేంది మరి? ఏమీ లేదు. మా రోజుల్లో ఒక వస్తువు పని అయిపోయిందని చెప్పాల్సింది దాన్ని వాడుకునేవాడు. అమ్మినవాడు కాదు.

నేను గుంటూరు మిర్చి యార్డులో కమీషను కొట్టు గుమాస్తాగా బతికినవాణ్ణి. జనవరి దాటిందంటే లారీల మీద లారీలు, టిక్కీల మీద టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కళ్లల్లో మంట, ముక్కులో ఘాటు, చేతిలో చిట్టా. కాటా చీటీ చూసి చిట్టాలో రాయడం, చిట్టాలోంచి ఆవర్జాకి ఎక్కించడం, రాత్రికి రోకడి సరిచూసి దీపం ఆర్పడం. పైసా తేడా వస్తే ఇంటికి పోయేదే లేదు. మే నెలలో యార్డుకి సెలవులిచ్చాక గాని మా లెక్కల పుస్తకాలకి ఊపిరాడేది కాదు. తర్వాత కొట్టుకి కంప్యూటరు వచ్చింది. ఇప్పటి మీ ఫోను కెమెరా తీసే ఒక్క ఫొటో కూడా పట్టనంత చిన్న జ్ఞాపకశక్తి దానిది, 640 కిలోబైట్లు. అందులోనే లెక్కలకి లోటస్ 1-2-3, ఉత్తరాలకి వర్డ్‌స్టార్, రైతుల ఖాతాలకి డీబేసు, ఆ తర్వాత ఫాక్స్‌ప్రో. ఒక్కో పనికి ఒక్కో ప్రోగ్రాము. పని కాగానే ఫ్లాపీ తీసి బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లం. కొట్టు లెక్క కొట్టులోనే ఉండేది. కరెంటు పోతే అప్పటిదాకా కొట్టిందంతా గాల్లో కలిసిపోయేది, అది నిజమే, కాదనను. అయినా మళ్లీ కొట్టుకునేవాళ్లం. చేతికి ఓపికుండేది.

ఇప్పుడో! మా ఊళ్లో చదువుకున్న కుర్రాణ్ణి ఒకణ్ణి అడిగా, "మీ నాన్న పత్తి లెక్కలు ఎక్కడ రాస్తున్నావురా" అని. నెలనెలా డబ్బు కట్టే ఏదో యాప్‌లోనంట. ఒక నెల కట్టడం మరిచిపోతే పాత లెక్క కూడా చూపించలేదంట. తన సొంత లెక్క చూసుకోవడానికి ఇంకొకడి గుమ్మం దగ్గర నిలబడి ఓటీపీ చెప్పాలా? తాళం చెవి పరాయివాడి మొలలో ఉంటే ఆ ఇనప్పెట్టె మన నట్టింట్లో ఉండి ఏం ప్రయోజనం రా?

అందుకే చెబుతున్నా, ఆ పాత పెట్టె పారెయ్యకండి. లినక్స్ వేసుకోండి. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి మొదలుపెట్టింది అది. 1990లలో పీసీ క్వెస్ట్ పత్రికతో పాటు సీడీ కూడా ఇచ్చేవాళ్లు, అందులో ఉండేది. మా మేనల్లుడు అరండల్‌పేటలో డీటీపీ షాపు నడిపే రోజుల్లో ఆ సీడీ కోసమే పత్రిక కొనేవాడు. తర్వాత మన ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్లు చెన్నైలో బాస్ లినక్స్ చేశారు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు విద్యార్థుల్ని కూర్చోబెట్టి తెర మీది మాటలన్నిటికీ తెలుగు వేయించారు. కేరళలో బడి పిల్లలు లినక్స్ మీదే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. మనవాళ్లకి మాత్రం అది ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబు వస్తువు. పోనీ వేసుకున్న నలుగురైనా ఏం వాడతారయ్యా అంటే ఫైర్‌ఫాక్సు, లిబ్రే ఆఫీసు, వీఎల్‌సీ. అక్కడితో సరి. లోపల వేలకొద్దీ చిన్న చిన్న ప్రోగ్రాములు, డబ్బు అడగనివి, పేరు అడగనివి, ఇంటర్నెట్టు లేకపోయినా పనిచేసేవి, పలకరించే దిక్కు లేక పడి ఉన్నాయి.

న్యుమెరిక్ సంగతి తీసుకో. పేరు విన్నావా? వినలేదు, నాకు తెలుసు. లెక్కల పట్టిక ప్రోగ్రాము, 1990ల చివర మిగెల్ ది ఇకాసా అనే మెక్సికో కుర్రాడు మొదలుపెట్టాడు. లిబ్రే ఆఫీసు ఆవలించి లేచేలోపు ఇది పని ముగించి కూర్చుంటుంది. నాకు నచ్చిందేందంటే, నా పాత లోటస్ ఫైళ్లు ఇది తెరుస్తుంది. డీబేసు, ఫాక్స్‌ప్రోల్లో దాచిన ఖాతా ఫైళ్లు కూడా తెరుస్తుంది. చనిపోయాయనుకున్న ఖాతాలు తెర మీద లేచి కూర్చుంటే కళ్లు చెమర్చాయి నాకు. పత్తి వాళ్లకి ఇంకా పనికొస్తుంది. రైతు పత్తి అమ్మేది క్వింటాల్లో, జిన్నింగు మిల్లువాడు దూది బేరమాడేది క్యాండీల్లో. క్యాండీ అంటే 356 కిలోలు, బేలు అంటే 170 కిలోలు. ఈ మూడింటి మధ్యా మార్చి చూసుకునే పట్టిక ఒకటి వేసి పెట్టుకుంటే చిలకలూరిపేట మిల్లు దగ్గర చెప్పే ధర మనకి గిట్టుబాటా కాదా అన్నది గేటు దాటకముందే తెలుస్తుంది. విండోస్ మీద ఇప్పుడు దీన్ని ఇవ్వడం మానేశారు. మంచి వస్తువు మన వైపే మిగిలింది.

ఇక లెక్క అంటే నిజమైన లెక్క, జమ ఖర్చు రెండూ రాసే లెక్క, అది కావాలంటే గ్నూక్యాష్. 1998 నుంచి ఉంది. మీకిప్పుడు లెక్కంటే వచ్చింది పోయింది, అంతే గదా! కమీషను కొట్లో ఒక రైతు సరుకు అమ్ముడైతే ఎన్ని దిక్కులకి పోతుందో తెలుసా ఆ డబ్బు? రైతు ముందుగా తీసుకున్న పెట్టుబడి అప్పు, దాని మీద వడ్డీ, హమాలీ కూలి, కాటా కూలి, కమీషను, చివర్న చేతికిచ్చే నగదు. గ్నూక్యాష్‌లో అమ్మకాన్ని ఒకే పద్దుగా రాసి, దాని కిందే ఇన్ని ముక్కలుగా విడగొట్టొచ్చు. అన్నీ కలిసి సున్నా రాకపోతే, ఎక్కడో తేడా ఉందని ఊరుకోకుండా పద్దు పక్కన చూపిస్తుంది. మా పెద్ద గుమాస్తా గారు చేసేది అదే, కళ్లజోడు పైనుంచి చూస్తూ. భారతదేశం అమరిక పెట్టుకుంటే అంకెల మధ్య కామాలు మన లక్షల పద్ధతిలోనే పడతాయి. ఇంత తతంగం ఇంటి ఖర్చులకి అక్కర్లేదనుకునే వాళ్లకి హోమ్‌బ్యాంక్ ఉంది. 1995లో అమిగా అనే పాత కంప్యూటరు మీద పుట్టింది, ఇప్పటికీ సన్నగా, చురుగ్గా ఉంది. అమ్మాయ్, పాల చీటీ, గ్యాసు, పిల్లల ఫీజులు, అన్నిటికీ చాలు నీకది.

రాతపని దగ్గరికొస్తే నాకు కోపం ఇంకా ఎక్కువ. నేను నరసరావుపేటలో టైపు లోయరు, హయ్యరు రెండూ పాసైనవాణ్ణి. మిషను మీద వేళ్లు పడుతుంటే వినసొంపుగా ఉండేది. వీధి చివరిదాకా వినపడేది, ఎవరింట్లో పరీక్షకి కూర్చున్నారో తెలిసేది. మీరు తెర మీద బొటనవేలితో నిమురుతారు, దాన్నే రాయడమంటారు. ఫోకస్ రైటర్ అని ఒకటుంది, వేసి చూడండి. తెరంతా నిండిపోతుంది, కాగితం తప్ప ఇంకేమీ కనపడదు. నోటిఫికేషన్లు లేవు, మూలన మెరిసే బొమ్మలు లేవు. అమరికల్లోకి వెళ్లి అడిగితే టైపు మిషను చప్పుడు కూడా చేస్తుంది. వర్డ్‌స్టార్ వేళ్లు ఇంకా మరవని నా ఈడు వాళ్లకి ఇంకొక మాట. జో అనే ఎడిటర్‌తో పాటు జేస్టార్ అని వస్తుంది. కంట్రోలు నొక్కి కే, బీ కొడితే బ్లాకు మొదలు, కే, కే కొడితే బ్లాకు చివర. అచ్చం అప్పటి మీటలే. ఇంగ్లీషుకే గాని తెలుగుకి పనికిరాదు, ఆ నల్ల టెర్మినల్లో మన ఒత్తులు, గుణింతాలు చెట్టుకొకటి పుట్టకొకటి అవుతాయి. తెలుగుకి ఫోకస్ రైటరే.

తెలుగు ఎట్టా కొట్టాలి అంటారా? ఇది ముఖ్యంగా డీటీపీ షాపుల వాళ్లు వినాల్సిన మాట. మా మేనల్లుడిలాంటి వాళ్లు పేజ్‌మేకరు, అను ఫాంట్లతో పెళ్లి శుభలేఖలు, ఎన్నికల కరపత్రాలు, పంచాంగాలు కొట్టికొట్టి యాపిల్ కీబోర్డుకి వేళ్లు అలవాటు చేసుకున్నారు. యూనికోడు వచ్చాక ఆ వేళ్లు వృథా అనుకున్నారు చాలామంది. కాదురా! లినక్స్‌లో ఐబస్, ఎం17ఎన్ అనే జంట ఉంది. అందులో తెలుగుకి ఇన్‌స్క్రిప్టు ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఆర్టీఎస్ ఉంది, పోతన ఉంది, సరళ ఉంది, యాపిల్ కూడా ఉంది. పాతికేళ్ల అలవాటుని మార్చుకోమనకుండా ఎవరికి ఏది చేతనైతే అది వాడుకోమనడం, అదీ మర్యాదంటే. ఫాంట్ల విషయంలోనూ అంతే. కెనడాలో ఉండే తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన2000, వేమన2000 చేసి ఊరికే ఇచ్చేశారు. రామభద్ర, గురజాడ, సూరన్న, మండలి లాంటివి సిలికానాంధ్ర పూనుకోవడంతో ఉచితంగా వచ్చాయి. మా రోజుల్లో ఒక్క ఫాంటు కోసం షాపువాడు డాంగిల్ కొని కంప్యూటరు వెనక తగిలించుకునేవాడు, అది పోతే షాపే మూత. ఈ ఒక్క విషయంలో మీ కాలమే నయం, ఒప్పుకుంటున్నా.

పేజీలు పేర్చడానికి స్క్రైబస్. చాలాకాలం దాని 1.4లో మన లిపి కుదిరేది కాదు, క్షకి ష ఒకచోట, క ఒకచోట. తర్వాత లోపలి యంత్రాంగమే మార్చారు. 2024 జనవరి 1న వచ్చిన 1.6లో తెలుగు శుభ్రంగా నిలబడుతుంది. కరపత్రం, ఊరి జాతర పుస్తకం, చిన్న పత్రిక, అన్నీ అవుతాయి. మా మేనల్లుడు మాత్రం పేజ్‌మేకరు అంత సుళువు కాదంటాడు. వాడికీ వయసు మీద పడుతోంది.

జిమ్ గురించి చెప్పకుండా ఎట్టా? వ్యాయామం అనుకోవద్దు, నోటుబుక్కు. మా నాయన గోడ మీద సుద్దతో రాసేవాడు, నారు పోసిన రోజు, నాటిన రోజు, మొదటి కోత. గోడకి సున్నం వేసిన ఏడు ఆ చరిత్ర అంతా పోయింది. జిమ్‌లో రోజుకొక పేజీ తెరుచుకునే ఏర్పాటుంది. ఏ చేలో ఎల్‌సీఏ 334 మిరప వేశాం, ఏ చేలో తేజ వేశాం, ఏ మందు ఎప్పుడు కొట్టాం, కల్లంలో ఎన్నాళ్లు ఎండబెట్టాం, తాలు ఎంత పోయింది, కోల్డ్ స్టోరేజీలో ఎన్ని టిక్కీలు పెట్టాం, రసీదు నంబరేంది, అన్నీ రాసి ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి దారి వేసుకోవచ్చు. దాని గొప్పతనం అది కాదు. రాసిందంతా మామూలు టెక్స్టు ఫైళ్లుగా, మామూలు ఫోల్డర్లలో ఉంటుంది. రేపు ఈ ప్రోగ్రామే లేకుండా పోయినా ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుని చదువుకోవచ్చు. లాం పరిశోధనా క్షేత్రం శాస్త్రవేత్త వచ్చి పోయినేడు బొబ్బర తెగులు ఎప్పుడు కనపడింది అని అడిగితే మీరు తల గోక్కుంటారు. రాసుకున్నవాడు తేదీ చెబుతాడు.

అసలు మీకు ఏదీ గుర్తుండదు. తాత తండ్రి పేరు చెప్పరా అంటే ఫోను వైపు చూస్తారు. మా రోజుల్లో పెళ్లి మాట రాగానే ఇంటిపేరు, గోత్రం, మేనరికం, ఎవరి ఆడపడుచు ఎవరింట్లో పడిందో అరుగు మీద కూర్చుని అయిదు తరాలు అప్పజెప్పే ముసలమ్మలు ఉండేవాళ్లు. ఇప్పుడు వాళ్లూ లేరు, అరుగులూ లేవు. గ్రాంప్స్ అనే ప్రోగ్రాము ఉంది. వంశవృక్షాలు రాసేవాళ్ల కోసం 2001లో మొదలైంది. ఒక్కొక్క మనిషికి పుట్టుక, పెళ్లి, చావు, ఊరు, ఫొటో, ఏ కాగితం చూసి రాశామో ఆ ఆధారం, అన్నీ ఎక్కించొచ్చు. గోత్రం అన్న గడి అందులో లేదు గాని, మనకి కావలసిన వివరం మనమే పేరు పెట్టి చేర్చుకునే వీలుంది, నేను అట్టాగే చేర్చా. ఇద్దరి పేర్లు చూపిస్తే వాళ్లిద్దరికీ చుట్టరికమేమిటో లెక్కగట్టి చెబుతుంది. మన మేనరికాలు చూసి తికమకపడుతుందేమో అనుకున్నా. పడలేదు, రెండు వైపుల చుట్టరికమూ చెప్పింది. మేనమామ, బాబాయి అన్న తేడా మాత్రం దానికి తెలియదు, ఇద్దర్నీ ఒకే గాటన కడుతుంది. అది మనమే రాసుకోవాలి. అమ్మమ్మలు ఉండగానే కూర్చోబెట్టి అడగండి, అమెరికాలో ఉన్న పిల్లలకి ఒక కాపీ పంపండి. ఊళ్లో ఉన్నవాళ్ల కంటే వాళ్లే ఎక్కువ ఆత్రంగా అడుగుతున్నారు.

చిన్నాచితకా ఇంకొన్ని. జీలేబుల్స్, సీసాల మీద అంటించే చీటీలకి. గోంగూర, పండుమిరప పచ్చడి పార్సిళ్లు కట్టే ఆడవాళ్లు పేర్లు, తేదీలు పట్టికలో రాసిస్తే వరసగా చీటీలన్నీ అచ్చేస్తుంది. పీడీఎఫ్ అరేంజర్, పాసుపుస్తకం పేజీలు స్కాను చేసి వరస మార్చి ఒకటిగా కుట్టడానికి. క్సోర్నల్++, దరఖాస్తు ప్రింటు తీయకుండానే దాని మీద రాయడానికి. ఈ మూడు పనులకీ కుర్రాళ్లు మండల కేంద్రం దాకా బండేసుకుపోయి జెరాక్సు షాపు ముందు నిలబడుతున్నారు, పెట్రోలు దండగ.

కార్తెల గురించి చెప్పి ఆపుతా, ఇది నాకు ప్రాణం. మా నాయన వాతావరణ శాఖని అడగలేదు, కార్తెని అడిగాడు. రోహిణిలో రోళ్లు పగిలే ఎండ, జూన్ 8 ప్రాంతంలో మృగశిర చల్లదనం, 22 ప్రాంతంలో ఆరుద్ర, ఇక చేలో దిగాల్సిందే. కార్తె అంటే ఏందిరా అని డిగ్రీ చదివినవాణ్ణి అడిగితే చేపల కూర తినే రోజు అన్నాడు! సూర్యుడు ఒక్కో నక్షత్రం దగ్గర ఉండే పదమూడు పద్నాలుగు రోజులురా అది. ఏడాదికి 27. పగలు సూర్యుడి పక్కన నక్షత్రం కనపడదు కాబట్టి మేమూ పంచాంగం మాట నమ్మడమేగాని చూసింది లేదు. స్టెల్లేరియం అనే ప్రోగ్రాములో చూడొచ్చు. మన ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి, తేదీ జూన్ 1 పెట్టి, మధ్యాహ్నం వేళకి తిప్పి, కీబోర్డు మీద 'ఏ' మీట నొక్కితే వాతావరణం తొలగిపోయి పట్టపగలే చుక్కలు బయటపడతాయి. సూర్యుడి పక్కనే, కాస్త దక్షిణంగా, ఎర్రటి రోహిణి! మా నాయన చెప్పింది అక్షరాలా నిజమని తెర మీద చూశా. ఇంకొకటి కూడా చూశా. తేదీని వందల ఏళ్లు వెనక్కి తిప్పుతూ పోతే సూర్యుడు రోహిణిని కలిసే రోజు కదులుతోంది, దాదాపు 72 ఏళ్లకి ఒక రోజు చొప్పున. కార్తెలు కూడా మా తాతల నాటి చోట లేవన్నమాట. దానికి మాత్రం మిమ్మల్ని తిట్టలేను. మా ఊరు మార్టూరు సంగతీ అంతే, నేను పుట్టినప్పుడు గుంటూరు జిల్లా, 1970 నుంచి ఒంగోలు జిల్లా, తర్వాత దానికే ప్రకాశం పేరు, 2022 నుంచి బాపట్ల జిల్లా. ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది.

సరే, మొదలెట్టేవాళ్లకి దారి చెబుతా. పాత పెట్టెకి లినక్స్ మింట్ తీసుకోండి, అందులోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం. రెండు జీబీ మెమరీ ఉంటే నడుస్తుంది, నాలుగుంటే హాయిగా నడుస్తుంది. పెన్‌డ్రైవు మీదికి ఎక్కించి దాంతోనే కంప్యూటరు లేపండి. ఇన్‌స్టాల్ చేయకుండానే అంతా తిరిగి చూడొచ్చు. వైఫై, సౌండు, ప్రింటరు పనిచేస్తున్నాయో లేదో అప్పుడే తేలిపోతుంది. ఇన్‌స్టాల్ నొక్కేముందు ఫొటోలు, కాగితాలు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి, ఇది రెండుసార్లు చదవండి. తర్వాత సాఫ్ట్‌వేర్ మేనేజరు తెరిచి నేను చెప్పిన పేర్లు ఒక్కొక్కటే వెతకండి. అన్నీ ఒక్క రోజే వేసుకుని ఏదీ తెరవకుండా వదిలేస్తారు మీరు, మీ సంగతి నాకు తెలుసు. ఈ వారం జిమ్ ఒక్కటి వేసుకోండి. మీ చేలో ఇప్పుడేముందో ఆ మొదటి పేజీలో రాయండి.